గోళ్ళ రంగు

గంటస్తంభం వెనక సందులో, జెరాక్సు షాపు మేడమీద
మా ప్లీడరమ్మ ఆఫీసు.
నేను టైపిస్టుని.
పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కష్టాలకి
పేరా నంబర్లు వేస్తున్నదాన్ని.

నెల్లిమర్ల నుంచి తవిటమ్మ వచ్చింది,
కొడుకు డిల్లేశుని పక్కన కూచోబెట్టుకుని,
ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ.
సంచీలో ఎక్స్‌రేలు, మందుల చీటీలు,
మడత నలిగిన రైలు టిక్కెట్టు,
నాలుగు అరటిపళ్ళు.

"జీడిమామిడి సెట్టు మీంచి పడ్డాడమ్మా.
మోచెయ్యిరిగితే పిండికట్టు కట్టినారు.
ఇంక రేతిరంతా ఏడుపే."

ప్లీడరమ్మ కళ్ళజోడు తీసింది.
ముందే చెప్తున్నా విను.
ఎముక వంకరగా అతికిందంటే
అది కేసు కాకపోవచ్చు.
ఎంత మంచి డాక్టరు చేతిలోనైనా
ఒళ్ళు మాట వినని రోజులుంటాయి.
చెడిపోవడం వేరు,
చెడిపోతోందని చెప్పినా చూడకపోవడం వేరు.
చెప్పావా? ఎవరికి? ఎన్నింటికి?

తవిటమ్మకి గడియారం లేదు.
జూట్ మిల్లు సైరన్ ఉంది.

"రేతిరి సిప్టు సైరన్ కూసినప్పుడు ఓపాలి సెప్పినాను,
ఏళ్ళు సల్లగున్నాయి సిస్టరమ్మా అని.
కట్టంటే బిగువుగానే ఉంటాదమ్మా అంది.
కరెంటు పోయొచ్చినాక ఇంకోపాలి.
అప్పటికి గోళ్ళు నేరేడుపళ్ళు.
సెల్లు లైటేసి సూపించినాను.
ఏలు కదిపితే కెవ్వుమన్నాడు గుంటడు.
సూదిమందేసి పడుకోబెట్టింది.
డాక్టరుబాబు పోనెత్తనేదంట.
మూడోపాలి అడగడానికి..."

ఆగిపోయింది.
కింద జెరాక్సు మిషను
ఒకటే కాగితం అదే పనిగా లాగుతోంది.

"...బయమేసింది. తిడతారని.
ఆ తప్పు నాదేనేటమ్మా?"

ప్లీడరమ్మ జవాబు చెప్పలేదు.
నీళ్ళ గ్లాసు జరిపింది.
తెల్లారకుండానే కొడుకునెత్తుకుని
విశాఖ రైలెక్కినట్టు,
పెద్దాసుపత్రి డాక్టరు కట్టు కత్తిరిస్తూ
"నిన్న రావలసింది" అన్నట్టు
మిగతాదంతా ఆ గ్లాసు అంచు మీదే చెప్పింది.

నర్సింగ్ హోం వాళ్ళు ఇరవై వేలిస్తామన్నారట,
కాగితం మీద వేలిముద్ర వేస్తే.
"ఎయ్యనేదు. సదవడం రానిదాన్ని,
సదివి ఇనిపించమంటే ఇనిపించనేదు."

మా ప్లీడరమ్మ నవ్వడం
ఆ వారంలో అదే మొదలు.

కేసు షీటు కావాలని అర్జీ రాయిద్దాం.
అందినట్టు తారీకేసి ముద్ర వేయించుకో.
ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు, నాక్కూడా.
రెండేళ్ళు దాటితే తలుపు మూసేస్తారు,
నువ్వొచ్చింది పదిహేనో నెల.

పందొమ్మిది రోజులకి వచ్చింది కేసు షీటు.
నేనే విప్పాను.
రాత్రి పది: వేళ్ళు గులాబీ రంగు, కదలిక బాగుంది.
పన్నెండు: గులాబీ రంగు.
రెండు. నాలుగు. అదే గులాబీ.
ఒకటే పెన్ను, ఒకటే వాలు,
ఒక్క కూర్చోటంలో రాసిన రాత్రి.
ఉదయం ఆరు: బాబు హాయిగా నిద్రపోతున్నాడు.

రైలు టిక్కెట్టు మీద సగం చెరిగిన టైము
ఐదూ నాలుగు.
ఆరింటికి ఆ బాబు
కొత్తవలస దగ్గర ఎక్కడో
తల్లి ఒళ్ళో మూలుగుతున్నాడు.

గెలుస్తామని చెప్పను, అంది ప్లీడరమ్మ.
ఇంకో ఎముకల డాక్టరు ఇవన్నీ చదివి
తప్పెక్కడో రాసివ్వాలి. ఆ తర్వాతే నోటీసు.
తవిటమ్మ తల ఊపింది.
ఎదురుచూడటం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నాలుగో పేరా.
"నిర్లక్ష్యము" అని కొట్టాను.
"సేవాలోపము" అని కొట్టాను.
ఆమె అన్నమాట ఒక్కటే:
సూడనేదు.
దానికి మా భాషలో అచ్చు లేదు,
ఉన్నా కోర్టు ఒప్పుకోదు.
అయినా ఓసారి కొట్టి
కాసేపలా ఉంచి
చెరిపేశాను.

బల్లకవతల డిల్లేశు,
కుడిచేతి వేళ్ళు పిట్టకాలులా ముడుచుకుని ఉంటే,
ఎడమచేత్తో అరటిపండు పట్టుకుని
పళ్ళతో తొక్క ఒలుస్తున్నాడు.
బాగా అలవాటైపోయింది వాడికి.